పెళ్ళి కాకుండా తల్లి కాబోతున్న టీచర్‌ని రాజీనామా చేయమంటున్నారు, ఏం చేయాలి?

మారతహళ్ళి_అక్క

అందరికీ నమస్తే. మా చెల్లెలి గురించి రాస్తున్నాను, తనకు చెప్పే రాస్తున్నాను. తన పేరు, స్కూలు పేరు మాత్రం అడక్కండి. మాది మదనపల్లె దగ్గర ఊరు, బతుకుతెరువుకి బెంగళూరు వచ్చి చాలా కాలమైంది. చెల్లెలు ఇక్కడే ఒక మత సంస్థ నడిపే స్కూల్లో ప్రైమరీ పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఇప్పుడు ఐదో నెల. పెళ్ళి కాలేదు. అబ్బాయి ముందు చేసుకుంటానన్నాడు, తర్వాత ఇంట్లో ఒప్పుకోవడం లేదని తప్పుకున్నాడు. చెల్లెలు బిడ్డను కనాలనుకుంది. ఆ నిర్ణయం తనది, దయచేసి దాని మీద ఎవరూ సలహాలు ఇవ్వొద్దు.

పోయిన వారం ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి "నీ అంతట నువ్వే రాజీనామా రాసిచ్చెయ్, మంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తాం, లేదంటే మేనేజ్‌మెంట్ వేరే విధంగా చూస్తుంది" అన్నారట. నా పాఠంలో ఏమైనా లోపముందా అని అడిగితే లేదు, పిల్లల ముందు నువ్విలా నిలబడితే తల్లిదండ్రులకు మేం ఏం జవాబు చెప్పాలి అన్నారట. ఆ అబ్బాయి కూడా ఇదే సంస్థ వాళ్ళ కాలేజీలో లెక్చరర్. అతన్ని ఎవరూ పిలవలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. రోజూ కాలేజీకి వెళ్తున్నాడు, పాఠం చెప్తున్నాడు.

రాజీనామా ఇవ్వకపోతే ఏమవుతుంది? మెటర్నిటీ లీవు వస్తుందా? రేపు ఆ బిడ్డకు ఇలాంటి స్కూళ్ళలో సీటు ఇస్తారా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంట్లో అమ్మకు ఇంకా పూర్తిగా తెలియదు, చాలా టెన్షన్‌గా ఉంది.

నల్లకోటు

అక్కా, ముందు చెల్లెలికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని. రాజీనామా రాసిచ్చారంటే తర్వాత ఎక్కడికి వెళ్ళినా "ఆమే వెళ్ళిపోయింది" అంటారు, బెదిరించి రాయించుకున్నారని నిరూపించే భారం మొత్తం మీ మీద పడుతుంది. వాళ్ళు తీసేయమనరు, మీరే వెళ్ళిపోండి అంటారు, ఎందుకంటే తీసేయాలంటే పద్ధతి ఉంది.

కర్ణాటక విద్యా చట్టం, 1983 ఉంది. అందులో 92వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థ ఉద్యోగిని తీసేయాలంటే ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా ఇచ్చి, విచారణ జరిపి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అలా చేయకుండా తీసేస్తే 94వ సెక్షన్ కింద మూడు నెలల్లోపు ఎడ్యుకేషనల్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి అప్పీలు వేసుకోవచ్చు. స్టేట్ సిలబస్ కాకుండా సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ అయితే ఈ చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద స్కూలు వాళ్ళు వాదన లేవదీస్తారు, కాబట్టి బోర్డు ఏదో చూసుకుని సర్వీసు కేసులు చేసే లాయర్ని కలవండి. నేరుగా హైకోర్టులో రిట్ వేద్దామని ఎవరైనా అంటే తొందరపడొద్దు. 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో సుప్రీం కోర్టు, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూలుకీ ఉద్యోగికీ మధ్య మామూలు సర్వీసు గొడవకు రిట్ పనికిరాదని చెప్పింది.

మెటర్నిటీ సంగతి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలో పెళ్ళయి ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. 2017 సవరణ తర్వాత 26 వారాలు జీతంతో సెలవు, అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందు తీసుకోవచ్చు. ఇప్పుడు ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు, ఈ హక్కులు అందులోనూ ఉన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు తీసేసినా ఆ డబ్బు ఎగ్గొట్టకూడదు, తీవ్రమైన దుష్ప్రవర్తన కారణంగా తీసేస్తే తప్ప. స్కూలు పట్టుకోబోయేది ఆ ఒక్క మినహాయింపునే. అందుకే కారణం ఏమిటో వాళ్ళ చేత కాగితం మీద పెట్టించడం ముఖ్యం.

విలువల_బడి

మీ చెల్లెలి మీద నాకు కోపం లేదు అక్కా, బిడ్డను కనాలనుకోవడం ధైర్యమే. కానీ రెండో వైపు కూడా ఎవరైనా చెప్పాలి కదా. నా ఇద్దరు పిల్లలూ మత సంస్థ స్కూల్లోనే చదువుతున్నారు. పక్కనే ఫీజు తక్కువ స్కూలు ఉన్నా ఎందుకు వేశానంటే అక్కడ ప్రార్థన ఉంటుంది, నీతి పాఠం ఉంటుంది, టీచర్లు ఒక పద్ధతిగా ఉంటారని. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు తమ సంస్థలు తామే నడుపుకునే హక్కు ఇచ్చింది. చేరేటప్పుడు ప్రవర్తనా నియమావళి మీద సంతకం పెట్టి ఉంటుంది మీ చెల్లెలు. సంస్థ నమ్మే దానికి వ్యతిరేకంగా బతుకుతూ అదే సంస్థలో పిల్లలకు ఆదర్శంగా ఉంటానంటే ఎలా? మాంసం దుకాణం నడిపే ఆయన్ని అహింస బోధించే మఠంలో అర్చకుడిగా పెట్టమని అడగం కదా.

సుద్దముక్క

లెక్కల టీచర్ అర్చకుడు కాదండీ.

ఇలాంటి స్కూల్లోనే పని చేసి రిటైర్ అయినదాన్ని, నాకు తెలిసింది చెబుతాను. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ అన్నీ తెలుసు. ఏ సారుకి ఊళ్ళో రెండో సంసారం ఉందో తెలుసు, ఏ సారు సాయంత్రం తాగి ఇంట్లో పెళ్ళాన్ని కొడతాడో తెలుసు, ఆవిడ దెబ్బలతో స్కూలుకే వచ్చి ఏడ్చిన రోజు కూడా నాకు గుర్తుంది. ఆయన సర్వీసు పూర్తి చేసుకుని శాలువా కప్పించుకుని వెళ్ళాడు. నియమావళి ఆయనకూ ఉంది, ఆయనా సంతకం పెట్టాడు. నా కాలంలో ఆ నియమావళి కింద వెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలిసి అందరూ ఆడవాళ్ళే, ఒకరు విడాకులని, ఒకరు కులం కాని పెళ్ళని, ఒక పిల్ల ఇదే కారణంతో. ఆ పిల్ల రాత్రికి రాత్రి సామాను సర్దుకుంది. మర్నాడు అసెంబ్లీలో ఏమీ జరగనట్టే ప్రార్థన జరిగింది. తన క్లాసు పిల్లలు మిస్ ఎక్కడ అని రోజూ అడిగేవాళ్ళు, మేం ఆరోగ్యం బాగోలేదని చెప్పాం. పిల్లలకు నీతి నేర్పే చోట మేం పెద్దవాళ్ళందరం కలిసి అబద్ధం చెప్పాం.

రాత్రి_షిఫ్టు

వైట్‌ఫీల్డ్‌లో అమెరికా కంపెనీకి హెచ్‌ఆర్ చూస్తాను, అక్కడి ఉద్యోగ చట్టాల మీద ట్రైనింగ్ ఇస్తుంటారు, అందులో ఈ సబ్జెక్టు మీద పెద్ద చరిత్రే ఉంది. విలువల_బడి గారు అడిగిన ప్రశ్నే అక్కడి కోర్టులు చాలా ఏళ్ళుగా విచారిస్తున్నాయి.

ఒహాయోలో టొలీడో డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే క్యాథలిక్ చర్చి విభాగం) స్కూల్ టీచర్ ఒకామెకు పెళ్ళికి ముందే గర్భం వచ్చిందని కాంట్రాక్టు పొడిగించలేదు. 2000లో ఆరో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఏమందంటే, పెళ్ళికి ముందు సంబంధం కూడదన్న నియమం పెట్టుకునే హక్కు మత సంస్థకు ఉంది, కానీ దాన్ని ఆడా మగా ఇద్దరికీ ఒకేలా అమలు చేయాలి. గర్భం కనిపించిందని మాత్రమే పట్టుకుంటే, మగ టీచర్ల సంగతి అసలు చూడకపోతే, అది గర్భం మీద వివక్షే. అక్కడ 1978లోనే గర్భిణుల మీద వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

కానీ అన్ని తీర్పులూ అలా రాలేదు. న్యూజెర్సీలో ఒక క్యాథలిక్ స్కూల్ ఆర్ట్ టీచర్‌ని 2014లో ఇదే కారణంతో తీసేశారు. కింది అప్పీళ్ళ కోర్టు ఆమె వైపు చెప్పింది, మిగతా ఉద్యోగులు ఆ నియమం పాటిస్తున్నారో లేదో స్కూలు ఎప్పుడూ చూసుకోలేదు కదా అని. 2023 ఆగస్టులో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసి, మత సంస్థ తన సిద్ధాంతాన్ని ఉద్యోగ నిబంధనగా పెట్టుకోవచ్చని ఏకగ్రీవంగా స్కూలుకే తీర్పు ఇచ్చింది. అంటే ఇది తేలిపోయిన విషయం కాదు, అక్కడ కూడా. అక్కా, మీ చెల్లెలి కేసులో మాత్రం ఆ అబ్బాయి అదే సంస్థలో ఉన్నాడన్నారు చూడండి, అది చాలా పెద్ద పాయింటు. లెటర్‌లో తప్పకుండా రాయించండి.

మోడరేటర్

స్కూలు ఏదై ఉంటుందో ఊహించి పేర్లు రాయకండి. రెండు పోస్టులు తీసేశాం. ఏ మతం స్కూలైనా ఇక్కడ మాట్లాడేది పద్ధతి గురించి.

ఆదివారం_గంట

నేను కె.ఆర్.పురం దగ్గర తెలుగు సంఘంలో పెరిగినవాణ్ణి, నాన్న పాస్టరు. ఈ విషయంలో సంస్థలు దేవుడి పేరు చెప్తుంటే నాకు బాధగా ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయం అందరికీ తెలుసు. వ్యభిచారంలో పట్టుబడిందని ఒక స్త్రీని ఈడ్చుకొచ్చారు, రాళ్ళతో కొట్టమంటావా అని అడిగారు. మొదటి రాయి ఎవరు వేయాలన్న మాట దగ్గరే మనం ప్రసంగం ఆపేస్తాం. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఒక అమ్మాయి అడిగింది, "మరి ఆయన ఏడీ?" అని. ఆ పాపం ఒక్కరి వల్ల అయ్యేది కాదు కదా. వాళ్ళు చూపించిన ధర్మశాస్త్రమే, లేవీయకాండము ఇరవయ్యో అధ్యాయమే, ఇద్దరికీ శిక్ష చెప్పింది. వాళ్ళు ఒక్కదాన్నే తెచ్చారు. ఇప్పుడు ఈ స్కూలు చేసిందీ అదే, లెక్చరర్‌ని కాలేజీలో వదిలేసి టీచర్‌ని పిలిచింది.

మరియ సంగతి ఇంకా దగ్గర. కాపురానికి రాకముందే గర్భవతి అని తెలిసినప్పుడు యోసేపు ఆమెను అవమానపరచకుండా రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడని మత్తయి రాశాడు, అతను నీతిమంతుడు కాబట్టి అలా అనుకున్నాడని రాశాడు. ఆ రహస్యంగా విడిచిపెట్టడమే ఇప్పుడు స్కూలు వాళ్ళు చేస్తున్నది, గొడవ లేకుండా రాజీనామా ఇవ్వు అని. కానీ కథ అక్కడ ఆగలేదు. దూత వచ్చి భయపడకుండా ఆమెను ఇంట్లో చేర్చుకోమన్నాడు, యోసేపు చేర్చుకున్నాడు. ప్రతి క్రిస్మస్‌కి స్కూల్లో పిల్లల చేత ఆ నాటకం వేయిస్తారు.

ఇద్దరమే

మారతహళ్ళి_అక్క గారూ, మీ మూడో ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది, చాన్నాళ్ళుగా ఎక్కడా రాయలేదు. నేను పెళ్ళి కాని తల్లిని. మా పాప ఇప్పుడు మూడో తరగతి. ఎల్‌కేజీకి తిరిగినప్పుడు హిందూ ట్రస్టు స్కూలు, క్రైస్తవ స్కూలు, రెండూ చూశాను, తేడా ఏం లేదు. అప్లికేషన్ ఇస్తారు, తండ్రి పేరు, తండ్రి ఉద్యోగం, తండ్రి ఆదాయం, చుక్క గుర్తు పెట్టి తప్పనిసరి అని. తర్వాత "పేరెంట్స్ ఇంటరాక్షన్", ఇద్దరూ రావాలి. ఒక్కదాన్నే వెళ్తే మొదట ఊరెళ్ళారా అంటారు. తర్వాత డివోర్సా అంటారు. తర్వాత గొంతు తగ్గించి చనిపోయారా అంటారు, ఆ అడిగేటప్పుడు మాత్రం మొహంలో దయ ఉంటుంది. కాదండీ, పెళ్ళి కాలేదు అంటే ఆ దయ పోతుంది. ఒక చోట పాప నా ఒళ్ళో ఉండగానే "మా దగ్గర మంచి కుటుంబాల పిల్లలు ఉంటారమ్మా" అన్నారు. సీట్లు లేవని రెండు రోజుల తర్వాత మెసేజ్. నా తర్వాత వెళ్ళిన మా అపార్ట్‌మెంట్ వాళ్ళకు అదే స్కూల్లో సీటు వచ్చింది.

మా అమ్మ అప్పుడు, చనిపోయాడని చెప్పేస్తే పోలా అంది. చాలామంది అలాగే చేస్తారు, మెడలో నల్లపూసలు వేసుకుని వెళ్తారు, దుబాయిలో ఉన్నాడని చెప్తారు. వాళ్ళను నేను తప్పు పట్టను. నేను మాత్రం పాప చేత జీవితాంతం ఆ అబద్ధం మోయించలేను అనుకున్నాను. చివరికి మామూలు ప్రైవేటు స్కూల్లో, తల్లి పేరు చాలన్న చోట వేశాను. అక్కడి హెడ్ మిస్ట్రెస్ ఆ కాలమ్ మీద అడ్డంగా గీత గీసి, నా పేరు రాసి, కింద తన సంతకం పెట్టింది. ఒక్క నిమిషం పని.

నల్లకోటు

ఇద్దరమే గారూ, ఇలా రాయడం తేలిక కాదు, థాంక్స్. మీరు చెప్పిన దాని మీద చట్టం ఏముందో చెబుతాను, వేరేవాళ్ళకు పనికొస్తుంది.

2015 జులైలో సుప్రీం కోర్టు ఏబీసీ వర్సెస్ ఢిల్లీ ప్రభుత్వం కేసులో, పెళ్ళి కాని తల్లి తండ్రి ఎవరో చెప్పకుండానే, అతనికి నోటీసు ఇవ్వకుండానే బిడ్డకు గార్డియన్ కావచ్చని తీర్పు ఇచ్చింది. ఆ తల్లి క్రైస్తవురాలు, చదువుకుని ఉద్యోగం చేసుకుంటూ కొడుకుని పెంచుకున్న మనిషి. అదే తీర్పులో, తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే అని కూడా ఉంది. హిందువులకైతే 1956 గార్డియన్‌షిప్ చట్టంలోనే, పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకు మొదటి సహజ సంరక్షకురాలు తల్లి. పాన్ కార్డుకి 2018 డిసెంబరు నుంచి, తల్లి ఒక్కరే పెంచుతుంటే తండ్రి పేరు అక్కర్లేదు. ఆదాయపు పన్ను శాఖ వదిలేసిన పేరును ఎల్‌కేజీ ఫారం పట్టుకుని కూర్చుంది.

ఇక ఆ "ఇంటరాక్షన్". విద్యా హక్కు చట్టం, 2009 లో 13వ సెక్షన్ అడ్మిషన్‌కి పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ ఏ రకంగానూ వడపోయకూడదంటుంది. మొదటిసారి తప్పు చేస్తే 25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకే కదా, ఎల్‌కేజీకి ఎలా అని స్కూళ్ళు అంటాయి, ఆ వాదన ఒకటుంది. ఇంకో పెద్ద సందు ఉంది. 2014లో ప్రమతి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, మైనారిటీ స్కూళ్ళకు, అవి ఎయిడ్ తీసుకుంటున్నా సరే, ఈ చట్టం వర్తించదని చెప్పింది. మైనారిటీ అంటే మతమే కాదు, భాష కూడా, రాష్ట్రాన్ని బట్టి లెక్క. అంటే బెంగళూరులో మన తెలుగువాళ్ళు నడిపే స్కూలు కూడా భాషా మైనారిటీ హోదా తెచ్చుకుని ఈ చట్టం నుంచి బయటపడొచ్చు. 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి ప్రమతి తీర్పు సరైనదేనా అన్న అనుమానంతో విషయాన్ని పెద్ద ధర్మాసనం కోసం ప్రధాన న్యాయమూర్తికి పంపింది. హిందూ ట్రస్టు స్కూలుకి మాత్రం ఈ మినహాయింపు లేదు, వాళ్ళు వడపోస్తే బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసర్‌కి కంప్లైంట్ రాయొచ్చు.

30వ అధికరణ గురించి విలువల_బడి గారికి. హక్కు ఉంది, నిజం. కానీ 1958లో కేరళ విద్యా బిల్లు విషయంలోనే సుప్రీం కోర్టు, నిర్వహించుకునే హక్కంటే అడ్డగోలుగా నిర్వహించే హక్కు కాదని చెప్పింది. ఉద్యోగిని తీసేసే ముందు విచారణ జరపమంటే మతంలో జోక్యం చేసుకున్నట్టు కాదు.

కోలారు_మామిడి

హిందూ ట్రస్టు అన్నారు కాబట్టి ఒక మాట. ఉపనయనం, వేదం, గురుకులం అని చెప్పే సంస్థలన్నీ ఛాందోగ్యోపనిషత్తు తెరిచి నాలుగో అధ్యాయం చూడాలి. సత్యకాముడు గురువు దగ్గరికి వెళ్తానని, నా గోత్రం ఏమిటమ్మా అని తల్లిని అడిగాడు. ఆవిడ ఏమంది? నాకు తెలియదు నాయనా, వయసులో ఉన్నప్పుడు నలుగురిళ్ళలో పని చేస్తూ తిరిగాను, అప్పుడు నువ్వు పుట్టావు, నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు, సత్యకామ జాబాలుడినని చెప్పుకో అంది. ఆ కుర్రాడు హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్ళి అక్షరం మార్చకుండా అదే చెప్పాడు. గౌతముడు నిజం తప్పలేదు నువ్వు, సమిధలు తీసుకురా అని చేర్చుకున్నాడు. ఇలా చెప్పగలవాడు బ్రాహ్మణుడే అయి ఉంటాడని కూడా అన్నాడు, ఆ మాటతో నాకు పేచీ ఉంది, అది వేరే రోజు మాట్లాడుకుందాం. తల్లి పేరుతోనే బడిలో చేరాడన్నది మాత్రం గ్రంథంలో ఉన్న సంగతి.

ఇంకోటి, దేవుడి పేరు మీదే తండ్రి లేని పిల్లల్ని పుట్టించిన వ్యవస్థ మనది. మా వైపు దేవదాసులు, తెలంగాణలో జోగినులు. కర్ణాటకలో 1982లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో నిషేధ చట్టాలు వచ్చాయి. రాయచూరు, కొప్పళ నుంచి కూలికి బెంగళూరు వచ్చినవాళ్ళలో ఆ తల్లుల పిల్లలు ఉన్నారు. నేను సైటు సూపర్‌వైజరుగా పని చేసిన చోట ఒక కుర్రాడు ఉండేవాడు, బాగా చదివేవాడు, టీచర్ అటెండెన్సు వేస్తూ అందరి ముందు తండ్రి పేరు అడిగిందని ఏడో తరగతిలో మానేశాడు. గుడికి అంకితం చేసింది పెద్దవాళ్ళు, బడి మానేసింది వాడు.

విలువల_బడి

అందరి పోస్టులూ చదివాను. పిల్లల అడ్మిషన్ విషయంలో నేను మీతోనే ఉన్నాను, బిడ్డను తల్లి పెళ్ళి గురించి అడగడం అన్యాయం, నేనెప్పుడూ దాన్ని సమర్థించలేదు. టీచర్ విషయం వేరు అంటున్నాను. సరే, ఒక ప్రశ్న సూటిగా అడుగుతాను. రేపు ఆ సంస్థ లెక్చరర్‌ని కూడా తీసేసిందనుకోండి. అప్పుడు న్యాయం జరిగినట్టేనా? అప్పుడు మీ చెల్లెల్ని తీసేసినా మీకు సమ్మతమేనా?

మారతహళ్ళి_అక్క

లేదండీ. నేను అతని ఉద్యోగం పోవాలని కోరుకోవడం లేదు. అతని ఉద్యోగం పోతే మా చెల్లెలికి ఒక్క పూట అన్నం రాదు. తనకు ఇప్పుడు కావలసింది నెల నెలా జీతం, స్కానింగ్‌లకు డబ్బు, కాన్పు అయ్యాక తిరిగి వెళ్ళడానికి ఒక చోటు. అతన్ని పిలవలేదని ఎందుకు రాశానంటే, వాళ్ళు కాపాడుతున్నది విలువ అని వాళ్ళంటున్నారు కాబట్టి. విలువే అయితే ఇద్దరి దగ్గరా వెతికేవాళ్ళు. పొట్ట కనిపించింది కాబట్టి పిలిచారు, అంతే.

సుద్దముక్క

అమ్మా, నువ్వు అన్నది చాలా సరైన మాట. దానికి ఇంకోటి కలుపుతాను. మీ చెల్లెలు రెండో నెలలో ఎవరికీ తెలియకుండా ఏదైనా క్లినిక్‌కి వెళ్ళి వచ్చి ఉంటే ఈ రోజు స్కూల్లో పాఠం చెప్తూ ఉండేది. చట్టం కూడా అడ్డు చెప్పదు, 2022లో సుప్రీం కోర్టు పెళ్ళి కానివాళ్ళకూ ఆ హక్కు సమానంగా ఉందని చెప్పింది. అంటే గర్భస్రావం పాపమని బోధించే సంస్థే, బిడ్డను ఉంచుకున్న మనిషిని ఇంటికి పంపిస్తోంది. ఇది చూసి ఆ స్కూల్లో మిగతా ఆడపిల్లలు, టీచర్లు ఏం నేర్చుకుంటారు?

రాత్రి_షిఫ్టు

టీచర్ గారూ, అచ్చం ఇదే చర్చ 2017లో అమెరికాలో జరిగింది. మేరీల్యాండ్‌లో ఒక క్రైస్తవ స్కూల్లో ప్లస్ టూ లాంటి చివరి ఏడాది అమ్మాయికి గర్భం వచ్చిందని గ్రాడ్యుయేషన్ వేదిక ఎక్కనివ్వలేదు. గర్భస్రావాన్ని వ్యతిరేకించే సంఘం వాళ్ళే ఆ అమ్మాయి పక్షాన మాట్లాడారు, బిడ్డను ఉంచుకున్నందుకు శిక్షిస్తే రేపు ఇంకొకరు ఉంచుకోరని.

విలువల_బడి గారి ప్రశ్నకు ఇంకో దేశం సూటిగా జవాబిచ్చింది. ఫిలిప్పీన్స్, క్యాథలిక్కులు ఎక్కువగా ఉన్న దేశం. సెయింట్ స్కొలాస్టికాస్ కాలేజ్ వెస్ట్‌గ్రోవ్ అనే క్యాథలిక్ సంస్థలో ఒకామెను పెళ్ళి కాకుండా గర్భవతి అయిందని తీసేస్తే, 2015 జనవరిలో అక్కడి సుప్రీం కోర్టు అది చెల్లదంది. మతం దృష్టిలో తప్పు కావచ్చు, కానీ చట్టం చూసేది లౌకిక నైతికతను, పెళ్ళి అడ్డంకి లేని ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య జరిగిన దాన్ని అవమానకరం, అనైతికం అని చట్టం అనలేదు అంది. అక్కడ ఆడా మగా సమానంగా శిక్షించారా అన్న లెక్క కాదు, అసలు ఇది ఉద్యోగం పోవలసిన తప్పేనా అన్నదే లెక్క. దీనికి పూర్తి ఎదురు ఐర్లండ్. 1982లో న్యూ రాస్ అనే ఊళ్ళో కాన్వెంట్ స్కూల్ టీచర్ ఐలీన్ ఫ్లిన్‌ని, భార్యతో విడిపోయిన మనిషితో ఉంటూ బిడ్డను కన్నదని తీసేశారు. అప్పుడు ఆ దేశంలో విడాకులే లేవు, పెళ్ళి చేసుకుందామన్నా దారి లేదు. 1985లో హైకోర్టు స్కూలు వైపే తీర్పు చెప్పింది. మత సంస్థలకు ఇలాంటి వెసులుబాటు ఇస్తూ 1998లో వచ్చిన ఉద్యోగ చట్టాన్ని, ఆ తీర్పు వచ్చిన ముప్పై ఏళ్ళకు, 2015లో బిగించారు. 2021 జనవరిలో అక్కడి ప్రధాని, పెళ్ళి కాని తల్లులను పెట్టిన ఆశ్రమాల విషయంలో దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. విచారణ జరిపిన ఆ సంస్థల్లో దాదాపు 9,000 మంది పిల్లలు చనిపోయారని నివేదిక తేల్చింది. ఆ తల్లుల్ని కూడా మర్యాద కోసమనే లోపల పెట్టారు.

విలువల_బడి

9,000 మంది పిల్లలు. ఇది నాకు తెలియదు. నేను నా స్కూలు విషయంలో ఒకటి చేయగలను, మా పేరెంట్స్ కమిటీలో ఉన్నాను, అడ్మిషన్ ఫారంలో తండ్రి వివరాలకు ఆ చుక్క గుర్తు తీసేయమని అడుగుతాను. టీచర్ల నియమాల మీద మాత్రం నా అభిప్రాయం ఇంకా అదే, సంస్థకు తన నమ్మకం చెప్పుకునే హక్కు ఉండాలి. కానీ విచారణ లేకుండా, ఒక్కరినే పిలిచి, రాజీనామా రాయించుకోవడం పద్ధతి కాదు. అది ఒప్పుకుంటున్నాను.

ఇద్దరమే

చుక్క గుర్తు తీసేయడంతో పాటు ఇంకోటి అడగండి సార్. ఇంటరాక్షన్‌లో అడిగే ప్రశ్నలు ముందే రాసి అందరికీ ఒకేలా ఇవ్వమనండి. గొంతు తగ్గించి అడిగేవే మమ్మల్ని చంపుతాయి.

మారతహళ్ళి_అక్క

అందరికీ థాంక్స్. నిన్న లాయర్ మేడమ్‌ని కలిశాం, స్కూలు స్టేట్ సిలబస్సే, కాబట్టి ట్రిబ్యునల్ దారి ఉందన్నారు. రాజీనామా ఇవ్వదలచుకోలేదని, ఏదైనా ఆరోపణ ఉంటే రాతపూర్వకంగా ఇవ్వమని, ఫలానా తేదీ నుంచి మెటర్నిటీ లీవు కావాలని ఒకే లెటర్‌లో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, ఈమెయిల్ కూడా పెట్టాం. లెక్చరర్ విషయం ఒక్క వాక్యంలో పెట్టాం, పేరు లేకుండా. ఇవాళ పొద్దున ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, లెటర్లు ఎందుకు, సోమవారం వచ్చి కూర్చుని మాట్లాడదాం అన్నారట. వెళ్ళాలా వద్దా? అమ్మకు రాత్రి చెప్పేశాం. చాలాసేపు ఏడ్చింది, తర్వాత ఎన్నో నెల అని అడిగింది, ఉగాదికి ఊరు రావద్దు, నేనే అక్కడికి వస్తానంది.

నల్లకోటు

వెళ్ళండి, కానీ ఒంటరిగా పంపొద్దు. మీరు గానీ, లాయర్ గానీ తోడు వెళ్ళాలి, లోపలికి రానివ్వకపోతే ఆ సంగతి కూడా రాసుకోండి. అక్కడ ఏ కాగితం ఇచ్చినా చదువుకుని చెప్తామని తీసుకురండి, సంతకం అక్కడ పెట్టొద్దు. బయటికి రాగానే ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏమన్నారు అన్నది అదే రోజు ఈమెయిల్ రాసి "ఈ రోజు మీరు చెప్పినవి ఇవి" అని వాళ్ళకే పంపండి. జీతం ఆపితే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. అటెండెన్సు రిజిస్టర్‌లో సంతకం రోజూ పెడుతోందా? పెట్టనివ్వకపోతే ఆ రోజే చెప్పండి.

మారతహళ్ళి_అక్క

పెడుతోంది. ఇవాళ కూడా పెట్టింది, మూడో తరగతికి భాగాహారం మొదలుపెట్టింది.